రెండు పార్టీల కుక్కలు, ఒక ఇసుక తట్ట

ఉత్తినే వస్తున్నాయని రెండు కుక్కలను ఇంట్లోకి తెచ్చుకున్న ఘనత ప్రొద్దుటూరు మొత్తంలో నాదొక్కదానిదే. అదీ నీసు ముట్టని ఇంట్లోకి. అదీ అప్పటికే ఒక పిల్లి ఉన్న ఇంట్లోకి. పైగా ఆ పిల్లి గడప దాటడం మానేసి, వెనక వసారాలో తట్టెడు ఇసుక పెట్టించుకుని అందులోనే తన పని కానిస్తున్న రోజుల్లో. ఇవన్నీ తెలిసి కూడా ఆ పని చేశానంటే గుండె ఉండాలి. బుద్ధి ఉందని మాత్రం ఎవరూ అనలేదు.

మా నాయనది కిరాణా అంగడి. ఆయన చింతపండు తూచుతుంటే తక్కెడ పక్కన నిలబడి పెరిగినదాన్ని. అడగకముందే ఎవరైనా ధర తగ్గిస్తే సంతోషించాల్సింది పోయి, గట్టిగా అడిగి ఉంటే ఇంకెంత తగ్గేదో అని రెండు రోజులు బాధపడే రకం నేను. పెళ్ళయి ఇదే ఊళ్ళో బట్టల అంగడి ఉన్న ఇంటికి వచ్చాను. మా ఆయన మెత్తని మనిషి. అసలు ధర ఎంతని అడిగితే చెప్పేసేవాడు. అందుకని రెండో ఏడు తిరక్కుండానే చీరల పక్క నేను కూర్చోవాల్సి వచ్చింది. ముందు అంగడి, దాని వెనక ఇల్లు, ఇంటి వెనక వసారా, వసారా దాటితే సందు. సందుకు అవతల చర్చి వాళ్ళ మిషన్ బడిలో పాఠాలు చెప్పి రిటైరయిన టీచరమ్మ ఇల్లు.

మా అత్త గురించి ముందే చెప్పాలి. నాకు నాలుగేళ్ళున్నప్పుడు మా అమ్మ పోయింది. మా నాయనకు తూకం వచ్చు గానీ జడ వేయడం రాదు. కాబట్టి ఆ తర్వాత నన్ను ముందు కూర్చోబెట్టుకుని, నూనె పెట్టి, చిక్కు తీసి, తల దువ్విన మొదటి ఆడమనిషి మా అత్తే. అప్పటికి నాకు పంతొమ్మిదేళ్ళు, కొత్త కోడల్ని. దువ్వుతూ, "ఏమ్మే, ఇది తలకాయా, కొబ్బరిపీచు మూటా?" అనింది. ఆ రోజు నుంచి నేను ఆమె మనిషినే. మామ పోయాక ఆమెకు మాట్లాడే తోడు ఒక పిల్లి. చీరలను ఎలుకలు కొరక్కుండా ఉండాలని తెచ్చిన పిల్లి అది. ఎలుకలను పట్టిందో లేదో నాకు గుర్తు లేదు గానీ, మా అత్తను మాత్రం గట్టిగా పట్టుకుంది. ఆమె పక్కలోనే పడుకునేది, ఆమె లేస్తేనే లేచేది.

అవి ఫ్యాక్షన్ రోజులు. ఆ రోజుల్లో వ్యాపారం చేయాలంటే రెండు కళ్ళూ సమానంగా తెరిచి పెట్టుకోవాలి. మా అంగట్లో రెండు పార్టీల క్యాలెండర్లూ పక్కపక్కనే, ఒకే ఎత్తులో ఉండేవి. ఒక మేకు అంగుళం పైకి కొట్టినా అడిగేవాళ్ళుండేవారు. ఒక పార్టీకి చందా ఇస్తే అదే సాయంత్రం రెండో పార్టీకి అంతే చందా. ఈ జీపు వాళ్ళకు టీ తెప్పిస్తే ఆ జీపు వాళ్ళకూ టీ, అదే కొట్టు నుంచి, అదే సైజు గ్లాసులో. ఇది భయం కాదు, లౌక్యం అని మేం అనుకునేవాళ్ళం. భయానికి మా వీధిలో ఆ పేరు ఉండేది.

ఓట్లు లెక్కపెట్టిన రోజు మధ్యాహ్నం మా సందులో ఒక నాటుబాంబు పడింది. గెలిచినవాళ్ళు సంతోషం పట్టలేక వేశారో, ఓడినవాళ్ళు దుఃఖం పట్టలేక వేశారో తెలీదు. మనుషులకు ఏమీ కాలేదు. టీచరమ్మ వాళ్ళ గోడకు పెచ్చు ఊడింది, మా పిల్లికి ధైర్యం ఊడింది. అంతకుముందు రోజుకు రెండుసార్లు సందులోకి పోయి వచ్చేది. ఆ రోజు తర్వాత గడప మీద ముందు కాళ్ళు పెట్టి, అటూ ఇటూ చూసి, వెనక్కి తిరిగి వచ్చేసేది. మా అత్త ఇల్లు కట్టినప్పటి పాత ఇనుప తట్ట ఒకటి వెతికి తీసి, పెన్న ఇసుక పోసి, వసారా మూల పెట్టింది. పొద్దునా సాయంత్రం ఆ ఇసుకను జల్లించి శుభ్రం చేసేది. ఆ జల్లెడ వంటింటిది కాదని నాకు మాట ఇచ్చింది. నేను నమ్మాను. నమ్మకపోతే వంటింట్లోకి పోయి చూడాల్సి వచ్చేది.

బాంబు పడిన తర్వాత వీధి వీధంతా మాకు చెప్పిన సలహా ఒక్కటే. కుక్కను పెట్టుకోండి.

ఆ నెలలోనే పులివెందుల పక్క నుంచి ఒక పెద్దాయన కూతురి పెళ్ళి చీరలకు వచ్చాడు. అరటి తోటలున్న మనిషి, ఒక పార్టీలో బాగా తిరిగే మనిషి. నన్ను కోడలా అని పిలిచేవాడు, నేను మామా అనేదాన్ని.

"ఇంగో నూరు తగ్గించు కోడలా."

"గండి ఆంజనేయస్వామి మీద ఒట్టు మామా, అసలు ధరకే ఇస్తాండా. ఇంగ తగ్గిస్తే మా ఆయన నన్ను పుట్టింటికి పంపిస్తాడు."

"మీ ఆయనా? ఆయనకు నోరుండాదని నాకియ్యాలే తెలిసె."

నా కళ్ళు అప్పటికే బయట జీపు మీద ఉన్నాయి. వెనక సీట్లో ఒక కుక్కపిల్ల కూర్చుని ఉంది. తోట కాడ కుక్క ఈనిందట, ఐదు పిల్లలట, ఒకదాన్ని ఊళ్ళో ఎవరికో ఇద్దామని తెచ్చాడట. నూరు తగ్గిస్తాను, ఆ పిల్లనిచ్చి పొమ్మన్నాను. ఆయన గట్టిగా నవ్వాడు.

"నూరు రూపాయలకు కుక్కనమ్మినానంటే మా ఊర్లో నన్ను కుక్కల మామా అంటారు. ఉత్తినే తీస్కో. నువ్వేం తగ్గించొద్దులే."

నూరూ నాదే, కుక్కా నాదే. ఆ సాయంత్రం మా నాయన ఫోటో ముందు ఒక అగరుబత్తి ఎక్కువ వెలిగించాను.

పది రోజులు కాలేదు, జమ్మలమడుగు పక్క నుంచి ఒకాయన పంచెలకు వచ్చాడు. గొర్రెల మందలున్న ఇల్లు వాళ్ళది, ఈమధ్య సేద్యంలోకీ దిగారు. వయసులో నాకంటే చిన్నవాడు, రెండో పార్టీ మనిషి. పంచె చూశాడు, బాగుందన్నాడు. గుమ్మంలో పడుకున్న కుక్కపిల్లను చూశాడు.

"కుక్క కొత్తగా వచ్చినట్టుందే అక్కా. యాడిది?"

"పులివెందుల పక్కది అప్పా."

ఆయన చేతిలోని పంచెను మడతపెట్టి నా ముందు పెట్టేశాడు.

"ఏందప్పా, పంచె బాగలేదా?"

"పంచెకేమి, శానా బాగుండాది. వాళ్ళ కుక్క నీ గడపలో పడుకోనుంటే మావోళ్ళు లోపలికి యా మొగం పెట్టుకోని రావల్ల అని ఆలోచన జేస్తాండా, అంతే."

నవ్వుతూనే అన్నాడు. ఆ రోజుల్లో మా పక్క కోపంగా అన్న మాటకు రాజీ దొరికేది. నవ్వుతూ అన్న మాటకే దొరికేది కాదు. నా నోట్లోంచి మాట తన్నుకుని వచ్చింది.

"అదొక్కటే ఉండలేక ఏడుస్తాందప్పా. మీ మంద కాడ పిల్లలుంటే ఒకటియ్యకూడదా, తోడుంటాది?"

మరుసటి రోజే మోటారు సైకిలు మీద గోనెసంచిలో రెండో కుక్కపిల్ల వచ్చింది. వెనకే నాలుగు జతల పంచెల బేరమూ వచ్చింది. మా ఆయన రెండు కుక్కలనూ చూసి, గోడ మీది రెండు క్యాలెండర్లనూ చూసి, "మూడో పార్టీ ఏమీ లేదు గదా?" అని అడిగాడు. లేదన్నాను. "బతికినాం," అన్నాడు.

కుక్కలు పెరిగాయి. ఒకటి అరిస్తే రెండోది అరిచేది కాదు. ఒకటి కూర్చున్న చోట రెండోది కూర్చునేది కాదు. కూటికి రెండు ప్లేట్లు, ఒకే సైజువి. మా ఇంట్లో ఏముంటే వాటికీ అదే. పొద్దున పెరుగన్నం, సాయంత్రం రాగి సంగటి. రెండు కుక్కలను సాకడానికి నాకయ్యే ఖర్చు దాదాపు సున్నా అని వచ్చిన ప్రతి ఆడమనిషికీ చెప్పేదాన్ని.

అదే సమయంలో ఇంట్లో ఒక వింత జరుగుతోంది. మా అత్త జల్లెడ పట్టుకుని పోయేసరికి తట్టలో ఏమీ ఉండటం లేదు. ఇసుక మాత్రం చెదిరి ఉండేది. నాలుగు రోజులు చూసి, నేనే ఎత్తి పారేస్తున్నానని అనుకుంది. నా ముఖం మీద అడగలేదు. జమ్మలమడుగులో ఉన్న కూతురికి ఫోను చేసి చెప్పింది. గల్లాపెట్టె పక్కనే కూర్చుని చెప్పింది కాబట్టి నాకు వినిపించింది.

"నా కోడలు పిల్లి దొడ్డి గూడా ఎత్తుతాది మ్మే. చెప్పకుండా చేస్తాది. నువ్వు నాకు ఒకపొద్దయినా అట్ల చేసింటివా?"

నేను ఏ పనీ చేయలేదని నాకు తెలుసు. అయినా తలవంచుకుని చీరలు మడతపెట్టుకుంటూ ఉండిపోయాను. ఉత్తినే వచ్చిన కుక్కలను తీసుకున్నదాన్ని, ఉత్తినే వచ్చిన మెప్పును ఎందుకు వదులుకుంటాను? వారం రోజులు ఆ మెప్పు తిన్నాను. ఆమె నా గిన్నెలో ఒక చెంచా నెయ్యి ఎక్కువ వేసేది.

శ్రావణమాసంలో పెండ్లిమర్రి నుంచి ఒక పెళ్ళివాళ్ళు వచ్చారు. పదిమంది ఆడవాళ్ళు, మంచి బేరం. తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద పట్టుచీరలు విప్పి పెట్టాను. పెళ్ళికూతురి తల్లి ఒక ఎర్రంచు చీర ఒళ్ళో వేసుకుని ఇంక కొనేసే దశలో ఉంది. లోపలి నుంచి పులివెందుల కుక్క వచ్చింది. మూతి చుట్టూ మీసం లాగా ఇసుక. నోట్లో ఏదో ఉంది. నేరుగా వచ్చి, ఆమె ముందు తెల్ల దుప్పటి మీద, కానుక పెట్టినట్టు పెట్టి, తోక ఊపింది. దాని వెనకే జమ్మలమడుగుది, అదీ ఇసుక మీసంతోనే.

"ఏందమ్మా ఇది?" అని పెళ్ళికూతురి తల్లి అడిగింది.

"మట్టిగడ్డ," అన్నాను.

వాసన నా మాట నిలబడనివ్వలేదు. ఆడవాళ్ళు ఒక్కొక్కరే లేచారు. ఎప్పుడు వచ్చిందో మా అత్త వాకిలి దగ్గర నిలబడి ఉంది. దుప్పటి చూసింది, కుక్క మూతి చూసింది, చివరికి నా ముఖం చూసింది.

"ఓహో. అయితే నా తట్ట ఎత్తే కోడలు ఇదన్నమాట."

మా ఆయన అంతగా నవ్వగలడని నాకు ఆ రోజే తెలిసింది.

నవ్వు ఒక పూటే. కుక్కలు అన్ని విషయాల్లో శత్రువులు గానీ తట్ట దగ్గర మాత్రం రాజీకి వచ్చేశాయి. పోలింగు బూత్ దగ్గర ఏజెంట్ల మాదిరి తట్టకు అటొకటి ఇటొకటి కూర్చుని పిల్లి ఎప్పుడు వస్తుందా అని చూసేవి. పిల్లి వసారా దాకా వచ్చి, వాటిని చూసి వెనక్కి పోయేది. ఒక రోజంతా బిగబట్టుకుంది. మరుసటి రోజు బీరువాలో మడతపెట్టిన పట్టుచీర మీద పోసింది. కూడు తినడం తగ్గించింది. మా అత్తా తగ్గించింది.

నాకు తోచిన ఉపాయాలన్నీ చేశాను, ఖర్చు లేనివి ముందు. తట్టను అటక మీద పెడితే వయసైన పిల్లి ఎక్కలేకపోయింది. పైన గంప బోర్లిస్తే కుక్కలు ఒక్క మూతి తోపుతో తీసేశాయి. ఇసుకలో మిరప్పొడి కలిపితే కుక్కలు దాన్ని లెక్కచేయలేదు, పిల్లి సాయంత్రం దాకా తుమ్మింది. "ఈ పొద్దు పిల్లికి కారం పెట్టినావు, రేపు నాకు పెడతావు," అంది అత్త. కట్టేద్దామంటే ముందు ఏది చేతికి దొరికితే దాన్ని కట్టాను. అది పులివెందులది. ఆ గంటలోనే వాళ్ళ జీపు డ్రైవరు దారిన పోతూ చేతిరుమాలు కొనడానికి వచ్చి చూసిపోయాడు. సాయంత్రానికి ఫోను.

"ఏం కోడలా, మాదాన్ని కట్టేసి వాళ్ళదాన్ని ఇడిసిపెట్టినావంట?"

రెండింటినీ కడితే రెండూ కలిసి ఏడ్చాయి. అంగట్లో మాట వినబడలేదు. ఎవరికైనా ఇచ్చేద్దామంటే ముందు ఎవరి కుక్కను ఇవ్వాలి? రెండింటినీ ఒకేసారి ఇస్తే రెండు పార్టీలనూ ఒకేసారి గడపలోంచి తరిమినట్టు. ఒక కుక్కను తీసుకున్నందుకు రెండోది తీసుకోవాల్సి వచ్చిన తెలివి నాది. ఇప్పుడు ఆ తెలివి నన్ను కరిచింది.

ఒక రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక మా అత్త ట్రంకుపెట్టె కిందికి దించి చీరలు సర్దుకోవడం మొదలుపెట్టింది.

"యాడికత్తా?"

"జమ్మలమడుగుకు. నా కూతురింటికి."

"ఎన్ని దినాలకు?"

"పిల్లి ఉన్నన్ని దినాలు. ఆ తర్వాత నేనున్నన్ని దినాలు." గొంతులో కోపం లేదు, అదే నన్ను భయపెట్టింది. "అవి పార్టీల కుక్కలు. వాటిని నువ్వు పంపించలేవు. నాకర్థమయింది మ్మే, నేను తప్పు పట్టను. నేను ఏ పార్టీ గాదు గదా. నేను పోతే అడిగేవాళ్ళుండరు."

ఏడవడం రానివాళ్ళకు వచ్చిన పనే నేను చేశాను, బేరమాడాను.

"పది దినాలు టైమియ్యి అత్తా."

"మూడు."

"వారమన్నా ఇయ్యి."

"నాలుగు. ఇంగ మాట్లాడొద్దు."

జీవితంలో నేను ఓడిపోయిన మొదటి బేరం అది.

మూడో రోజు బంద్. ఎక్కడో ఏదో జరిగింది, ఊళ్ళో నూట నలభై నాలుగో సెక్షన్ పెట్టారు, షట్టర్లన్నీ దించారు. మిట్టమధ్యాహ్నం అత్త మంచం దగ్గరికి పోయి చూస్తే పిల్లి లేదు, అత్త లేదు. వెనక తలుపు బార్లా తెరిచి ఉంది.

చెప్పుల్లేకుండా పరుగెత్తాను. సందు మలుపులో, ఒక్క మనిషి లేని పెద్ద వీధి మధ్యలో మా అత్త నడుస్తోంది. చేతిలో స్టీలు ప్లేటు, చెంచాతో దాన్ని టంగుటంగుమని కొడుతూ పిస్‌పిస్‌పిస్ అని పిలుస్తోంది. వీధికి ఇటుపక్క షెడ్డు కింద ఒక పార్టీ వాళ్ళు ఐదారుగురు, అటుపక్క షెడ్డు కింద రెండో పార్టీ వాళ్ళు ఐదారుగురు. పొద్దున్నుంచీ ఒకరినొకరు చూసుకుంటూ కూర్చున్నారు. ఇద్దరి మధ్యలో మా అత్త ప్లేటు చప్పుడు తప్ప ఏమీ లేదు.

"అవ్వా, యాడికి పోతాండావు? లోపలికి పో," అని ఇటుపక్క నుంచి ఒకరన్నారు.

"నా పిల్లిని జూసినారా నాయనా? బూడిద రంగుది."

ఇటుపక్కవాళ్ళు బల్లల కింద వంగి చూశారు. అటుపక్క జమ్మలమడుగు ఆయన కూడా ఉన్నాడు. ఆయన లేచి, "ఆ లారీ కిందికి ఏదో దూరింది అవ్వా," అన్నాడు.

"లారీ కింద గాదు, సరిగ్గా జూడు," ఇటుపక్క నుంచి ఎవరో అన్నారు. "వెనక్కి మళ్ళీ సందులోకే పాయె. నేను జూస్తి."

"నేనూ జూస్తి, రెండు కండ్లతో."

"నీ కండ్ల సంగతి ఊరందరికీ తెలుసులే."

ఆ రోజు రెండు షెడ్ల మధ్యా దాటిన మొదటి మాటలు అవేననుకుంటాను. ఇంక రాళ్ళు లేస్తాయనుకున్నాను. కానీ ఇద్దరూ పిల్లినే వెతుకుతున్నారు, వాదన కూడా దాని మీదే. నేను అత్త చెయ్యి పట్టుకుని లాగాను. ఆ లాగడంలో ఆమె కొంగు ముడి ఊడి, ప్లేటులో టపటపమని ఏవో రాలాయి. వాసన తగిలింది. ఎండుచేపలు. నీసు ముట్టని మా ఇంటి పెద్దదాని కొంగులో.

"అత్తా, ఏందివి?"

ఆమె నా వైపు చూడలేదు. "ముందు పిల్లిని జూడు," అంది.

ఇటుపక్కవాళ్ళ మాటే నిజమయింది. టీచరమ్మ వంటింట్లో రోలు పక్కన పిల్లి పడుకుని ఉంది. ముందు ఒక మూకుడులో అవే ఎండుచేపలు. టీచరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి నీళ్ళిచ్చింది. ఆమెది పాఠం చెప్పే గొంతు, దాంట్లో దాపరికం ఉండదు.

"అత్తమ్మను ఏమనొద్దు తల్లీ. మూడేండ్లుగా పిల్లికి నేనే ఇస్తాండా. సాయంత్రం డబ్బీ తెచ్చుకోని వస్తాది."

"నేను తిన్యానా?" అంది మా అత్త నేల చూస్తూ. "అది పిల్లి. దానికి పెరుగన్నం పెడితే నీ కుక్కల మాదిరి ఎండిపోతాది."

టీచరమ్మ నా వైపు తిరిగింది. "నీ కుక్కలకేం పెడతాండావు?"

నేను గొప్పగా చెప్పుకునే జవాబు అదే. ఆ రోజు మాత్రం మెల్లగా చెప్పాను. "పెరుగన్నం. సంగటి."

ఆమె చాలాసేపు నవ్వింది. "ఇంగ అవి యాడికి పోతాయి తల్లీ? నీసు వాసన యాడుంటే ఆడికి పోతాయి. మీ ఇంటి మొత్తానికీ నీసుండేది ఆ తట్టలోనే."

నేను ఖర్చు సున్నా అనుకున్న చోట ఇన్నాళ్ళూ లెక్క నడుస్తూనే ఉంది. నేను పెట్టనిదాన్ని అవి ఇసుకలో తవ్వుకున్నాయి. దాని ధర పిల్లి కట్టింది, మా అత్త కట్టింది.

ఎముకలతో కూడు వండి పెట్టడానికి నెలకెంత తీసుకుంటావని టీచరమ్మను అడిగాను. ఆ పూట కూడా బేరమే. "ఎముకలకు దుడ్లేంది? కసాయి ఆయన ఊరికే ఇస్తాడు, వాళ్ళ పిల్లలకు నేనే చదువు చెప్పినా. బియ్యం మాత్రం పంపించు," అంది. ఆ సాయంత్రం నుంచి కుక్కలు రెండూ సందు దాటి ఆమె వాకిట్లో తిని వచ్చేవి. మా ఇంటి గడప శుద్ధిగానే ఉండేది, కుక్కల కడుపూ నిండేది.

అయినా పాత అలవాటు ఒక్కరోజులో పోదు. మరుసటి రోజు బంద్ ఎత్తేశాక జమ్మలమడుగు ఆయన "పిల్లి దొరికిందా అక్కా?" అని వచ్చాడు. తట్ట సంగతి చెప్పాను. ఆయన వసారాలోకి వచ్చి, గోడవారగా ఉన్న పాత నీళ్ళగది తలుపు చూశాడు.

"గొర్రెపిల్లలకు మంచి మేత పెట్టేకాడ మేమేం జేస్తామో తెలుసా? కట్టెలు దగ్గర దగ్గరగా నాటుతాం. పిల్ల దూరుతాది, తల్లి దూరలేదు. తల్లిని తిట్టే పనిల్యా, కట్టేసే పనిల్యా. ఆ తలుపుకు కింద పలక తీసి కట్టెలు కొట్టించు."

వడ్రంగి వచ్చాడు. కట్టెల మధ్య సందు ఎంత వెడల్పు ఉండాలో కొలవడానికి మా అత్త పిల్లిని పట్టుకుంది, నేను అంగట్లో బట్ట కొలిచే మీటరు కడ్డీ తెచ్చాను. నా చేత్తో బట్ట ఎప్పుడూ బొటనవేలంత తక్కువే కొలుస్తానని ఊళ్ళో పేరు. ఆ రోజు మాత్రం బొటనవేలంత ఎక్కువ కొలిచాను, నాలుగున్నర అంగుళాలు, దాని పొట్టకు ఇబ్బంది లేకుండా. తట్ట లోపల పెట్టాం. పిల్లి దూరింది. పులివెందులది మూతి పెట్టి ఆగిపోయింది. జమ్మలమడుగుది ఇంకో సందులో మూతి పెట్టి ఆగిపోయింది. నాలుగో రోజుకు రెండూ అటు చూడటం మానేశాయి.

జల్లెడ మాత్రం నేను తీసుకున్నాను. ఎప్పటికప్పుడు శుభ్రంగా ఉంటే కుక్కకు ఆశే ఉండదని టీచరమ్మ చెప్పింది. వారం రోజులు అబద్ధంగా తిన్న నెయ్యికి పొద్దునా సాయంత్రం నిజంగా వంగి పని చేశాను. మూడో రోజు అత్త వాకిలి దగ్గర నిలబడి చూసి లోపలికి పోయింది. కాసేపటికి ట్రంకుపెట్టె పైన పెట్టడానికి మా ఆయనను పిలవడం వినిపించింది. జల్లెడ పట్టుకుని ఆ వసారాలోనే కూర్చుండిపోయాను. ఏడవడం అప్పుడు వచ్చింది.

తర్వాత చాలా జరిగింది. పులివెందుల మామా, జమ్మలమడుగు ఆయనా కొన్నేళ్ళకు ఒకే పార్టీలో కలిశారు, ఒకే జీపులో మా అంగడికి వచ్చి కుక్కలను చూసిపోయారు. కుక్కలు మాత్రం చివరిదాకా వేరువేరు మూలల్లోనే పడుకున్నాయి. పిల్లి తన వయసు తీరి అత్త పక్కలోనే పోయింది. అత్త ఆ తర్వాత కూడా ఉంది. మొత్తం తొమ్మిదేళ్ళు, ఆదివారం ఆదివారం నా తల దువ్వుతూ, వెంట్రుకలు తగ్గినాయని తిడుతూ.

ఇంక బిల్లు. కుక్కలు ఉత్తినే వచ్చాయి. పిల్లి పాడుచేసిన పట్టుచీర ఒకటి. చేయిజారిన పెండ్లిమర్రి పెళ్ళి బేరం ఒకటి. వడ్రంగి కూలి, అడిగినదాంట్లో సగం. పరుపు మీద దుప్పటి కొత్తది. బియ్యం నెలకు ఎనిమిది సేర్లు, కుక్కలున్నన్నేళ్ళు. అసలు ధరకే ఇస్తున్నానని అబద్ధపు ఒట్టు వేసినందుకు గండికి పోయిరావడానికి బస్సు చార్జీ, ఒక టెంకాయ. అన్నీ కలిపితే ఆ రోజు మామ అడిగిన నూరు తగ్గించి, కుక్కను అడగకుండా ఉంటే ఎంతో మిగిలేది. దొంగలు ఒక్కసారీ రాలేదు. కుక్కలకు భయపడ్డారో, వాటి వెనకున్న రెండు పార్టీలకు భయపడ్డారో నేను అడగలేదు. తొమ్మిదేళ్ళ అత్త జమ వైపు.

టీచరమ్మ మాత్రం చివరిదాకా దుడ్లు తీసుకోలేదు. ప్రతి క్రిస్మసుకూ ఒక చీర పెట్టాను. తీసుకున్న ప్రతిసారీ అంచు తిప్పి చూసి, "ఈ రంగు ఇప్పుడు రావడం లేదే తల్లీ," అనేది, పండగకు అదే కట్టుకుని చర్చికి పోయేది. తొమ్మిది చీరలు. తొమ్మిదీ పాత స్టాకే.